చేతులు కాదు, కాళ్లు: ఏడేళ్ల యూకాన్ అభిమానిగా 2024 నవంబరు ఓటముల మీద నా సమీక్ష

2024 నవంబరు 25, 26, 27. థాంక్స్‌గివింగ్‌కి ముందు సోమ, మంగళ, బుధవారాలు. అమెరికాలోని మా కనెటికట్ యూనివర్సిటీ పురుషుల బాస్కెట్‌బాల్ జట్టు, అందరం యూకాన్ హస్కీస్ అని పిలుచుకునే జట్టు, దేశంలో రెండో ర్యాంకుతో హవాయిలోని మౌయి టోర్నమెంటుకి వెళ్లింది. మూడు రోజుల్లో మూడు ఆటలు ఓడిపోయింది. మెంఫిస్ చేతిలో 99-97, కొలరాడో చేతిలో 73-72, డేటన్ చేతిలో 85-67. తర్వాతి వారం ర్యాంకు 25కి పడిపోయింది. 2023లోనూ 2024లోనూ జాతీయ చాంపియన్లుగా నిలిచిన జట్టు ఇది.

సీజన్ మొత్తం ముగిశాక ఆ మూడు ఆటలనీ మళ్లీ చూసి ఇది రాస్తున్నాను. ఓడిన రోజు రాసి ఉంటే రిఫరీలను తిట్టి ఊరుకునేవాణ్ణి. ఇప్పుడు నా అభిప్రాయం వేరు.

నేను 2018లో మాస్టర్స్ కోసం యూకాన్ హార్ట్‌ఫర్డ్ క్యాంపస్‌కి వచ్చాను. కోచ్ డాన్ హర్లీ కూడా ఆ ఏడాదే వచ్చాడు. ఆయన మొదటి సీజన్‌లో 16 గెలిచి 17 ఓడారు. హార్ట్‌ఫర్డ్‌లో అప్పట్లో ఎక్స్ఎల్ సెంటర్ అనే స్టేడియంలో సగం కుర్చీలు ఖాళీగా ఉండేవి. కరీంనగర్ నుంచి వచ్చిన నా రూమ్మేట్, నేను కలిసి మొదటి ఆట చూసింది అక్కడే. కాకినాడలో ఇంజనీరింగ్ చదివేటప్పుడు నేను కాలేజీ సిమెంటు కోర్టులో నాలుగేళ్లు ఆడాను కాబట్టి ఆట కొత్త కాదు. పది వేల మంది ఒకే ఊపిరిగా ఒక కాలేజీ జట్టు కోసం అరవడం మాత్రం ఇక్కడే మొదటిసారి చూశాను. చదువు అయ్యాక ఇక్కడే ఇన్సూరెన్స్ కంపెనీలో ఉద్యోగం దొరికింది, ఈ ఊళ్లోనే ఉండిపోయాను. హార్ట్‌ఫర్డ్ చుట్టుపక్కల ఇన్సూరెన్స్ ఐటీ పనుల్లో ఉన్న తెలుగువాళ్లు చాలామందే. వాళ్లలో బాస్కెట్‌బాల్ పిచ్చి ఉన్న ఎనిమిది మందిమి ప్రతి సీజన్‌కీ కలిసి టికెట్లు తీసుకుంటాం.

సోమవారం మెంఫిస్ ఆట. పదికి పైగా పాయింట్లు వెనకబడి, చివరి నిమిషాల్లో పుంజుకుని, ఆఖరి క్షణంలో మన సాలమన్ బాల్ త్రీ పాయింటర్ (దూరం నుంచి వేసే మూడు పాయింట్ల షాట్) వేయడంతో స్కోరు సమమై ఆట ఓవర్‌టైమ్‌కి, అంటే అదనపు సమయానికి, వెళ్లింది. మా ఇంట్లో అందరం లేచి నిలబడ్డాం. ఓవర్‌టైమ్‌లో నిమిషం కూడా మిగలని సమయానికి స్కోరు సమం. రీబౌండ్ దగ్గర, అంటే బుట్టలో పడకుండా తిరిగొచ్చిన బంతి కోసం పోటీలో, మన లియం మెక్నీలీ తప్పు చేశాడని ఫౌల్ ఇచ్చారు. హర్లీ వెల్లకిలా నేల మీద పడి నిరసన తెలిపాడు, ఆ ప్రవర్తనకి టెక్నికల్ ఫౌల్ పడింది. ఆ రెండు ఫౌల్స్‌కీ కలిపి మెంఫిస్‌కి నాలుగు ఫ్రీ త్రోలు (ఎవరూ అడ్డుకోకుండా వేసే షాట్లు, ఒక్కోటి ఒక్క పాయింటు) వచ్చాయి, నాలుగూ పడ్డాయి. మనం ఓడింది రెండు పాయింట్ల తేడాతో.

ఆ రాత్రి నా రూమ్మేట్ ఫోన్ చేశాడు. వాడిప్పుడు డల్లాస్‌లో ఉంటాడు.

"ఏమైందన్నా మనోళ్లకు? కోచే ఆటను ముంచిండు కదా?"

"కోచ్ తప్పు చేశాడు, నిజమే. కానీ అంతకుముందు నలభై నిమిషాల సంగతి కూడా చూడాలి కదరా" అన్నాను. అప్పటికి వాడు ఒప్పుకోలేదు. కొలరాడో ఆట అయ్యాక ఒప్పుకున్నాడు.

హర్లీ గురించి నా మాట సూటిగా చెబుతాను. ఈ జట్టును సగం ఖాళీ స్టేడియం నుంచి రెండు టైటిళ్ల దాకా తెచ్చింది ఆయన ఆవేశమే. 2024 జూన్‌లో ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏలోని లేకర్స్ జట్టు కోచ్‌గా పిలిచినా వెళ్లకుండా ఇక్కడే ఉండిపోయినందుకు ఈ రాష్ట్రంలో ఆయన మీద గౌరవం ఇంకా పెరిగింది. అయినా స్కోరు సమంగా ఉన్నప్పుడు, పిల్లలు అంత కష్టపడి ఆటను అక్కడిదాకా తెచ్చాక, ఆ ఒక్క నిమిషం ఆయన తనను తాను పట్టుకుని ఉండాల్సింది. ఆట తర్వాత కూడా ఆయన మాట రిఫరీ నిర్ణయం చుట్టూనే తిరిగింది. అది నాకు నచ్చలేదు.

కానీ ఆ మూడు ఓటములకీ అసలు కారణం డిఫెన్స్. అందులోనూ ఫౌల్స్.

కాకినాడలో మా పీఈటీ సార్ ఒకే మాట వందసార్లు చెప్పేవారు: "చేతులు కాదురా, కాళ్లు కదపండి." ఎదుటివాడు బంతితో దూసుకొస్తుంటే పక్కకి జరిగి దారికి అడ్డంగా నిలబడాలి. కాళ్లు ఆలస్యమైతే చేతులు ముందుకు వెళ్తాయి. చేయి తగిలితే ఫౌల్. అమెరికన్ కాలేజీ పురుషుల ఆటలో ఒక్కో హాఫ్ ఇరవై నిమిషాలు. ఒక హాఫ్‌లో జట్టు మొత్తం ఫౌల్స్ ఏడుకి చేరితే ఎదుటివాళ్లకి ఫ్రీ త్రోలు మొదలవుతాయి, పదికి చేరితే ప్రతిసారీ రెండేసి. ఒక ఆటగాడు ఐదు ఫౌల్స్ చేస్తే ఇక ఆ ఆటకి బయటే కూర్చోవాలి. రికార్డింగు మళ్లీ చూస్తూ నేను కేవలం మనవాళ్ల కాళ్లనే గమనించాను. మూడు రోజులూ అదే కథ. గార్డ్, అంటే బయట బంతితో వచ్చేవాణ్ణి ఆపాల్సిన ఆటగాడు, ఒక అడుగు వెనక ఉంటాడు, చేయి చాస్తాడు, విజిల్ మోగుతుంది.

మరి ముందు రెండేళ్లు ఇది ఎందుకు కనిపించలేదు? ఎందుకంటే వెనకాల డోనవన్ క్లింగన్ ఉండేవాడు. ఏడడుగుల రెండంగుళాల మనిషి. గార్డ్ తప్పినా బుట్ట కింద ఆయన చేతులెత్తి నిలబడితే చాలు, వచ్చినవాడు షాట్ మార్చుకోవాల్సిందే. 2024 మార్చిలో బోస్టన్‌లో ఇలినాయ్ మీద వరుసగా 30 పాయింట్లు కొట్టి, ఆ మధ్యలో ఒక్క పాయింటు కూడా ఇవ్వని ఆట చూసినవాళ్లకి నేను చెప్పేది అర్థమవుతుంది. బయట స్టీఫన్ కాసిల్ ఎదుటి జట్టులో ఉత్తమ ఆటగాణ్ణి పట్టుకుని వదిలేవాడు కాదు. ఆ జూన్‌లో ఎన్‌బీఏ డ్రాఫ్టులో, అంటే ఎన్‌బీఏ జట్లు కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే చోట, కాసిల్ నాలుగో స్థానంలో, క్లింగన్ ఏడో స్థానంలో వెళ్లిపోయారు. ట్రిస్టన్ న్యూటన్, క్యామ్ స్పెన్సర్ రెండో రౌండులో వెళ్లారు. మొదటి ఐదుగురిలో మిగిలింది అలెక్స్ కరబాన్ ఒక్కడే.

ఇల్లు నిలబెట్టే స్తంభాలు నాలుగు పోతే, మిగిలిన ఒక్కదాని మీద ఎంత బరువు పడుతుందో కరబాన్‌ని చూస్తే తెలిసేది. పక్కన ముగ్గురు మంచి షూటర్లు ఉన్నప్పుడు ఆయనకి ఖాళీ షాట్లు దొరికేవి. ఇప్పుడు ఎదుటి జట్టు కోచ్ బోర్డు మీద రాసే మొదటి పేరు ఆయనదే. శాంసన్ జాన్సన్ వేగంగా పరిగెత్తే సెంటర్ (బుట్ట దగ్గర ఆడేవాడు), ఎగిరి డంక్ చేస్తుంటే చూడ్డానికి ఎంతో బాగుంటుంది. కానీ ఫౌల్స్‌తో ఎక్కువసేపు బెంచీ మీదే ఉండాల్సి వచ్చేది. మిషిగన్ నుంచి వచ్చిన టారిస్ రీడ్ బలమైనవాడు, నా దృష్టిలో ఆ ఏడాది మనం చేసిన మంచి ఎంపిక ఆయనే. అంతకుముందు ఏడాది బెంచీ నుంచి వచ్చి ఆటను మలుపు తిప్పిన హసన్ డియారా మీద ఇప్పుడు మొదటి నిమిషం నుంచి ఆటను నడిపించే పాయింట్ గార్డ్ బాధ్యత మొత్తం పడింది. మోకాళ్ల నొప్పితోనే ఆడాడు. ఆయన మనసుపెట్టి ఆడినంతగా ఆ సీజన్‌లో ఇంకెవరూ ఆడలేదని నేను నమ్ముతాను.

ఇంకో విషయం నాకు ఇప్పటికీ మింగుడు పడదు. మౌయికి ముందు నాలుగు ఆటలు ఆడారు, నాలుగూ ఇంట్లోనే, నాలుగింటిలోనూ 30కి పైగా పాయింట్ల తేడాతో గెలిచారు. స్టోర్స్ క్యాంపస్‌లో ఉన్న మా స్టేడియం గాంపెల్‌లో నేను రెండు చూశాను. ఆ జట్లలో మన గార్డును దాటి వెళ్లగలిగే వేగం ఉన్నవాళ్లు తక్కువ. కాబట్టి కాళ్లు ఆలస్యమవుతున్న సంగతి స్కోరుబోర్డు దాచేసింది. ఇంటర్‌లో యూనిట్ టెస్టులన్నీ తేలికగా పెట్టి ఒక్కసారిగా ఎంసెట్‌లో కూర్చోబెట్టినట్టు అయింది. మధ్యలో ఒక్క గట్టి ఆట ఉన్నా ఆ లోపం ముందే బయటపడేది, సరిదిద్దుకోవడానికి పది రోజులైనా దొరికేవి. మౌయిలో రోజుకో ఆట, ప్రాక్టీసుకి సమయం ఉండదు. సోమవారం తెలిసిన తప్పును మంగళవారానికి దిద్దుకోవడం ఏ జట్టుకైనా కష్టమే.

కొలరాడో ఆట గురించి ఎక్కువ రాయలేను. చివరి సెకన్లలో వాళ్ల ఆటగాడు పట్టు తప్పి కూడా బంతిని బుట్టలో వేశాడు, ఒక్క పాయింటు తేడాతో ఓడాం. డేటన్ ఆట మూడింటిలోకీ పెద్ద ఓటమి. అప్పటికి పిల్లల ముఖాల్లో అలసట కనిపించింది.

ఆ వారం మా గుంపులో ఒకే ఓదార్పు వినిపించింది: "2023 జనవరి గుర్తులేదా?" గుర్తుంది. ఆ సీజన్‌లో 14 ఆటలు వరుసగా గెలిచి, తర్వాత ఎనిమిదింటిలో ఆరు ఓడి, చివరికి టైటిల్ కొట్టారు. కాలేజీల జాతీయ టోర్నమెంటైన ఎన్‌సీఏఏలో ఆరు ఆటలూ పదికి పైగా తేడాతో గెలిచారు. కానీ ఆ పోలిక సరికాదని నేను అప్పుడే అన్నాను, ఇప్పుడూ అంటాను. అప్పటి జట్టులో బుట్ట కింద సనోగో, ఆయన వెనక క్లింగన్, బయట ఆండ్రే జాక్సన్ ఉన్నారు. సామర్థ్యం ఉండి తడబడ్డారు. 2024 నవంబరు జట్టులో ఆ మనుషులే లేరు.

అయినా వాళ్లు చేతులెత్తేయలేదు. ఈ సమీక్షలో నేను ఎక్కువ మార్కులు వేసేది దీనికే. డిసెంబరు 4న బేలర్ మీద 76-72. ఆ రాత్రి గాంపెల్‌లో ఉన్నాను. స్టూడెంట్ సెక్షన్ మొదటి నిమిషం నుంచి కూర్చోలేదు. మౌయిలో ఓడి వచ్చిన జట్టును ఇంటికొచ్చిన పిల్లల్లా చూసుకున్నారు జనం. నాలుగు రోజుల తర్వాత ఆస్టిన్ వెళ్లి టెక్సస్ మీద 76-65. డిసెంబరు 14న న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో గొంజాగా మీద 77-71, ఆ ఆటలో మెక్నీలీవి 26 పాయింట్లు. మొదటి ఏడాది కుర్రాడు. జనవరి ఒకటిన చీలమండకి దెబ్బ తగిలి ఎనిమిది ఆటలకి దూరమయ్యాడు. తిరిగొచ్చాక క్రైటన్ యూనివర్సిటీ ఊళ్లో 38 పాయింట్లు కొట్టాడు. ఆ తర్వాత నాలుగు రోజులకే సీటన్ హాల్ చేతిలో ఓవర్‌టైమ్‌లో ఓడిపోయాం. ఆ జట్టు ఆ సీజన్‌లో మొత్తం గెలిచింది ఏడు ఆటలే. ఇలా ఒకరోజు ఆకాశంలో, ఒకరోజు నేల మీద గడిచింది ఏడాదంతా. డిఫెన్స్ చివరిదాకా పూర్తిగా కుదురుకోలేదు.

నవంబరు ఓటములు నవంబరుతో పోవని కొత్తగా చూసేవాళ్లు తెలుసుకోవాలి. మార్చిలో ఎన్‌సీఏఏ టోర్నమెంటుకి జట్లను ఎంచి, బలాన్ని బట్టి వరస సంఖ్య, అంటే సీడ్, ఇచ్చే కమిటీ సీజన్ మొత్తం చూస్తుంది. మనకి ఎనిమిదో సీడ్ ఇచ్చారు. ఎనిమిదో సీడ్ మొదట తొమ్మిదో సీడ్‌తో ఆడాలి, గెలిస్తే రెండో రౌండులోనే ఒకటో సీడ్ ఎదురవుతుంది. ఓక్లహోమా మీద 67-59తో గెలిచాం. మార్చి 23న నార్త్ కరోలినాలోని రాలీ నగరంలో ఒకటో సీడ్ ఫ్లోరిడాతో ఆట. చివరి మూడు నిమిషాల దాకా మనదే పైచేయి. ఆ తర్వాత వాళ్ల వాల్టర్ క్లేటన్ త్రీ పాయింటర్లు వేశాడు. 77-75తో ఓడిపోయాం. టోర్నమెంటులో వరుసగా 13 గెలిచిన పరంపర అక్కడ ఆగింది. ఆ ఫ్లోరిడానే చివరికి చాంపియన్ అయింది. మౌయిలో మెంఫిస్, కొలరాడో ఆటలు గెలిచి ఉంటే ఆ జట్టును అంత తొందరగా ఎదుర్కోవాల్సి వచ్చేది కాదేమో అని నేను చాలాసార్లు అనుకున్నాను. ఆ రెండు ఆటల తేడా కలిపితే మూడు పాయింట్లే.

కనెటికట్‌కి కొత్తగా వచ్చిన మన విద్యార్థులకి నా సలహా. మొదటి ఆట హార్ట్‌ఫర్డ్‌లో కాకుండా స్టోర్స్‌లోని గాంపెల్‌లో చూడండి. హార్ట్‌ఫర్డ్ నుంచి ఐ-84 హైవే మీద వెళ్లి 195 రోడ్డు పట్టుకోవాలి, ముప్పావుగంట చాలు. ఆట మొదలయ్యే గంట ముందే చేరుకోండి, పార్కింగ్ దొరకడం కష్టం. అమ్మాయిల జట్టు ఆటలు కూడా తప్పక చూడండి. మేం ఫ్లోరిడా చేతిలో ఓడి బాధపడుతున్న ఆ ఏప్రిల్‌లోనే కోచ్ జీనో ఆరియెమ్మా నడిపే మా అమ్మాయిల జట్టు సౌత్ కరోలినాని 82-59తో ఓడించి పన్నెండో టైటిల్ తెచ్చింది. డిఫెన్స్‌లో కాళ్లు ఎలా కదలాలో చూడాలంటే వాళ్ల ఆట చూస్తే చాలు.

రాళ్ల లాంటి మాటలు కొన్ని రాశాను కాబట్టి నా మార్కులు కూడా చెప్పేస్తాను. ఆ మూడు రోజుల ఆటకి ఐదుకి ఒకటిన్నర. డిసెంబరుకి నాలుగున్నర. సీజన్ మొత్తానికి మూడు. జట్టుకి, ఏడేళ్లు కలిపి చూస్తే, ఐదుకి ఐదు.

2025 వేసవిలో మా ఎనిమిది మందిలో ఇద్దరు మళ్లీ టికెట్లు వద్దన్నారు, ధర పెరిగిందని. వాళ్ల బదులు ఆ ఏడాదే మాస్టర్స్‌కి వచ్చిన ఇద్దరు కుర్రాళ్లు చేరారు. ఒకడిది నెల్లూరు, ఒకడిది ఖమ్మం. నవంబరు ఆటకి వాళ్లని నా కారులోనే తీసుకెళ్లాను. దారిలో ఆ నెల్లూరు అబ్బాయి అడిగాడు, "అన్నా, ఆటలో ముందు దేన్ని చూడాలి?" అని. బంతిని చూడొద్దు, గార్డ్ కాళ్లు చూడమన్నాను.