గ్లైడర్ రెక్కల కోసం గెలాక్సీ బండ: ఏడాది వాడాక

బాల్సా అనే తేలికపాటి కర్రతో గ్లైడర్లు, అంటే ఇంజను లేని చిన్న నమూనా విమానాలు, చేసేవాళ్లకి బల్ల చదునుగా లేకపోతే ఎంత నైపుణ్యమున్నా వృథా. ఆ సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. ప్లైవుడ్ వాడాను, ఫ్లష్ డోర్ వాడాను, చివరికి వంటగట్టుకు వేసే గ్రానైట్ బండ దగ్గర స్థిరపడ్డాను. చీమకుర్తి గెలాక్సీ, 4 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, 18 మి.మీ. మందం. ఏడాదిగా దాని మీదే పని.

నేను ఒంగోల్లో జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. ఆదివారాలు మా ఇంట్లో పిల్లలతో కలిసి మీటరు రెక్కల గ్లైడర్లు చేస్తుంటాం. మొదటి బల్ల రెండు స్టూళ్ల మీద పరిచిన 12 మి.మీ. ప్లైవుడ్. నవంబరు ముసురులో దాని మీద చేసిన గ్లైడర్ ఎన్నిసార్లు వదిలినా ఎడమకే తిరిగి నేలకు కొట్టుకునేది. ముక్కులో బరువు మార్చాం, తోక సరిచేశాం, లాభం లేదు. ఒకమ్మాయి రెక్కను కిటికీ వెలుగుకు ఎదురుగా పట్టుకుని, ఒక కన్ను మూసి అంచు వెంట చూసి, "మేడమ్, ఇది మెలి తిరిగిందండీ" అంది. కొలిచాం. ఎడమ రెక్క కొసన వెనక అంచు 4 మి.మీ. పైకి లేచి ఉంది. 12 సెం.మీ. వెడల్పు రెక్కకి అది దాదాపు 2 డిగ్రీలు. వెనక అంచు లేస్తే గాలికి ఎదురయ్యే కోణం తగ్గుతుంది, రెక్కను పైకి లేపే బలం (లిఫ్ట్) తగ్గుతుంది, ఆ వైపు రెక్క వాలిపోతుంది. పిల్లలు కొలతలన్నీ సరిగ్గానే కోశారు. జిగురు ఆరేటప్పుడు కింద ఉన్న ప్లైవుడ్ వంకరంతా రెక్కలోకి ఎక్కింది.

ఫ్లష్ డోర్ తెచ్చినప్పుడు వడ్రంగి దాని మీద రసమట్టం పెట్టి, బుడగ మధ్యకు రాగానే "కరెక్టుగా ఉందమ్మా" అన్నాడు. మట్టం వేరు, చదును వేరు. బల్ల ఒక పక్కకి కాస్త వాలినా రెక్కకి ఏమీ కాదు. మెలి ఉంటేనే ప్రమాదం. దానికి నేను చేసే పరీక్ష చాలా సులువు. ఒకే ఎత్తున్న రెండు తిన్నని అల్యూమినియం పట్టీలు తీసుకుని బల్లకు ఆ చివర ఒకటి, ఈ చివర ఒకటి అడ్డంగా నిలబెట్టాలి. వంగి, ముందు పట్టీ పై అంచు మీదుగా వెనక పట్టీని చూడాలి. రెండు గీతలూ ఒకదానిలో ఒకటి కలిసిపోతే మెలి లేనట్టు. ఒక పక్క సన్నని సందు తెరుచుకుంటే ఉన్నట్టు. మా ఫ్లష్ డోర్‌లో ఆ సందు ఒక మూల 3 మి.మీ. ఉంది. మెలి లేనిది దొరికితే మాత్రం ఫ్లష్ డోర్ మంచి బల్లే. రాయి మోయలేనివాళ్లు, మేడ మీద గది ఉన్నవాళ్లు అదే తీసుకోండి. కొట్లోనే ఈ పరీక్ష చేసి తీసుకోండి. కడప బండలు చవకే కానీ పైన ఎత్తుపల్లాలు చేతికే తెలుస్తాయి, ఈ పనికి వద్దు.

చీమకుర్తి మాకు దగ్గరే. నల్లరాయిలో బంగారు రవ్వలు మెరిసే ఆ గెలాక్సీ అక్కడి క్వారీల నుంచే విదేశాలకూ వెళ్తుంది. మాకు మాత్రం వంటగట్లకు కోయగా మిగిలిన ముక్క చాలు. పాలిష్ యూనిట్లో ఒకాయన రెండు ముక్కలు చూపించారు. మొదటిదాన్లో పైనున్న ట్యూబ్‌లైట్ ప్రతిబింబం మధ్యలో అలలా వంగింది. సంచిలోంచి రెండడుగుల స్టీలు స్కేలు తీసి అంచు మీద నిలబెట్టి, వెనక నుంచి ఫోన్ టార్చ్ వేశాను. మధ్యలో వెలుగు గీత స్పష్టంగా కనబడింది, అంటే అక్కడ పల్లం ఉంది.

"వంటగట్టుకి ఇంత చూడరమ్మా ఎవరూ" అన్నారాయన.

"వంటకు కాదండీ, విమానం రెక్కలకి" అన్నాను. ఆయన ఇంకేమీ అడక్కుండా రెండో ముక్కను తనే తుడిచి, నీళ్లు ఆరేదాకా ఆగి, "ఇప్పుడు చూడండి" అన్నారు. అందులో ట్యూబ్‌లైట్ గీత గీసినట్టు తిన్నగా ఉంది. పొడవునా, అడ్డంగా, మూల నుంచి మూలకి స్కేలు తిప్పాను. సందులు కొలిచే ఫీలర్ గేజ్‌లోని 0.10 మి.మీ. సన్నని రేకు ఎక్కడా దూరలేదు. చదరపు అడుగు 120 చొప్పున 960 రూపాయలు తీసుకున్నారు. అంచుల పదును తీసి ఇమ్మని అడగండి, లేకపోతే ముంజేతులు గీరుకుపోతాయి.

బరువు 40 కిలోల దాకా ఉంటుంది. ఇద్దరు కావాలి, అదీ తలుపు మోసినట్టు నిలువుగా పట్టుకుని మోయాలి. పళ్లెంలా పడుకోబెట్టి రెండు కొసలూ పట్టుకుంటే రాయి నడుమ విరిగే ప్రమాదం ఉంది.

ఇంటికొచ్చాక చేసిన పనే అన్నింటికన్నా ముఖ్యం. బండ పైభాగం అద్దంలా ఉన్నా అడుగు పాలిష్ చేసి ఉండదు, రంపపు గాట్లుంటాయి, మందం కూడా అంతటా ఒకేలా ఉండదు. నాలుగు కాళ్ల స్టాండ్ మీద నేరుగా పెడితే ఏదో ఒక మూల ఊగుతుంది. ఊగకుండా నాలుగు మూలలూ బిగిస్తే స్టాండ్‌లోని మెలి బండకి ఎక్కుతుంది. అందుకే ఎల్ యాంగిల్స్‌తో వెల్డింగ్ చేయించిన స్టాండ్ మీద మూడే మూడు రబ్బరు బిళ్లలు పెట్టాను. ఒక చివర రెండు, రెండో చివర మధ్యలో ఒకటి, కొసల నుంచి సుమారు 10 అంగుళాలు లోపలికి. ముక్కాలి పీటలాగే మూడు ఆనికల మీద ఏదైనా ఊగదు, మెలి తిరగదు. ఒక్క బిళ్ల ఉన్న వైపు మూల మీద బరువు వేస్తే బండ ఒరగకుండా ఆ రెండు మూలల కిందా చెక్కముక్కలు పెట్టాను. అవి బండకు తగలకూడదు, మధ్యలో ఒక పోస్టుకార్డు దూరేంత సందు ఉండాలి.

జిగురు ఆరేదాకా ముక్కలు కదలకుండా పిన్నులు గుచ్చాలి, అవి రాతిలో దిగవు కదా అని చాలామంది అడుగుతారు. బండ మీద నోటీసు బోర్డులకు వాడే 12 మి.మీ. సాఫ్ట్ బోర్డు పరుస్తాను. దాని మీద ప్లాన్ కాగితం, ఆపైన జిగురు అంటకుండా పల్చని ప్లాస్టిక్ షీటు. బాల్సా పలకలు ఎక్కువగా మూడడుగుల పొడవులో వస్తాయి కాబట్టి నాలుగడుగుల బండ సరిగ్గా సరిపోతుంది. సాఫ్ట్ బోర్డు తీసేసి 220 నంబరు గరుకు కాగితం అంటిస్తే అంచులు తిన్నగా సానపట్టడానికి ఇంతకన్నా మంచి పలక లేదు. ఫెవిక్విక్ చుక్కలు పడితే బ్లేడుతో గీకితే ఊడొస్తాయి.

లోపాలూ ఉన్నాయి. సుత్తి పని దీని మీద అస్సలు చేయకూడదు, పోయిన వేసవిలో స్క్రూడ్రైవర్ జారి పడి ఒక అంచు పెచ్చు లేచింది. నల్లటి పాలిష్ మీద లైటు కళ్లలో కొడుతుంది, అందుకని దీపం పక్క నుంచి పెట్టుకున్నాను. రాయికి తేమ పట్టకపోయినా సాఫ్ట్ బోర్డుకి పడుతుంది. మొన్నటి వానలకు అది ఒక పక్క ఉబ్బింది, పట్టీలతో చూసి పట్టుకున్నాం. ఇప్పుడు పని లేనప్పుడు దాన్ని బండ మీదే బోర్లించి, పైన పుస్తకాల బరువు పెట్టి ఉంచుతున్నాం. ప్రతి కొత్త రెక్క మొదలుపెట్టే ముందు పట్టీలు పెట్టి చూసే పని ఆ కిటికీ దగ్గరి అమ్మాయిదే.