అండమాన్‌కు విశాఖ మీదుగా మేలా, చెన్నై మీదుగా మేలా?

అమలాపురం చుట్టుపక్కల అండమాన్ ప్రయాణం పెట్టుకున్నవాళ్ళంతా నన్ను అడిగేది ఒకటే: విశాఖ మనకు దగ్గర కదా, చెన్నై దాకా పోవడం ఎందుకని.

దూరం వరకూ వాళ్ళ మాటే నిజం. పోర్ట్‌బ్లెయిర్, అంటే 2024 నుంచి శ్రీ విజయపురం, విశాఖ నుంచి ఆకాశమార్గాన సుమారు 1,230 కిలోమీటర్లు. చెన్నై నుంచి సుమారు 1,370. గాలిలో తేడా పావుగంట. విశాఖకు ఇక్కణ్ణుంచి కారులో అయిదు గంటలు పడితే, చెన్నైకి రాత్రంతా రైలు. అదైనా భీమవరం వెళ్ళి సర్కార్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాలి. కోటిపల్లి–నర్సాపురం లైను పూర్తయ్యేదాకా అమలాపురానికి రైలు లేదు మరి.

నేను మాత్రం దూరం చూడను, అక్కడ ఎన్నింటికి దిగుతామో చూస్తాను. దేశమంతటి గడియారానికీ ఆధారమైన 82½ డిగ్రీల రేఖ మన కాకినాడ పక్క నుంచే పోతుంది. అందుకే మన దగ్గర గడియారం, పొద్దు కలిసి నడుస్తాయి. పోర్ట్‌బ్లెయిర్ అక్కడికి పది డిగ్రీలు తూర్పున ఉంది. గడియారం మనదే, సూర్యుడు మాత్రం 40 నిమిషాలు ముందు. డిసెంబరులో అయిదు కాకుండానే పొద్దు గూకుతుంది.

మొన్న డిసెంబరులో అమ్మను తీసుకుని విశాఖ నుంచే వెళ్ళాను. మాకు దొరికింది మధ్యాహ్నం విమానం. దిగి, సామాను తీసుకుని బయటికొచ్చేసరికి హావ్‌లాక్ దీవికి వెళ్ళే చివరి పడవ వెళ్ళిపోయింది. సరే, బీచైనా చూపిద్దామని తీసుకెళ్తే ఇసుకలో చెప్పులు విప్పేలోపే చీకటి పడిపోయింది. "ఏరా, నీ వాచీ ఆగిపోయిందేమో చూడు" అంది అమ్మ. అయిదుంపావే అయింది. ఒక రోజు హోటల్ డబ్బులు, ఒక రోజు సెలవు పోయాయి. అమ్మ అలా చీకట్లో నిలబడడం చూసి మనసు చివుక్కుమంది.

అందుకే నా ఓటు చెన్నైకే. అక్కణ్ణుంచి రోజూ విమానాలుంటాయి, పొద్దుటిది ఎంచుకోవచ్చు. విశాఖ నుంచి నేరుగా వెళ్ళేది ఒక సీజన్‌లో ఉంటుంది, ఇంకో సీజన్‌లో ఉండదు. ముందురోజే చెన్నై చేరి రాత్రి అక్కడే పడుకోండి. ఆ ఖర్చు దండగ కాదు. పొద్దున్నే దిగితే మధ్యాహ్నం పడవ కచ్చితంగా అందుతుంది, టెన్షన్ ఉండదు. విశాఖలో పొద్దుటి నేరు విమానం దొరికితే మాత్రం రెండో ఆలోచన వద్దు, అదే ఎక్కండి.

విశాఖ నుంచి ఓడ కూడా ఉంది. నెలకొకటి, మూడు రోజుల దాకా పడుతుంది. సెలవు బాగా ఉన్నవాళ్ళకే అది.

తిరుగు ప్రయాణానికి ఈ లెక్కేమీ లేదు. విశాఖకు ఏ వేళ విమానం దొరికినా తీసుకోండి. సాయంత్రం దిగినా అర్ధరాత్రికల్లా యానాం వంతెన దాటేస్తాం.