గ్రెటెల్ అనే డేటా విశ్లేషణ సాఫ్ట్‌వేర్ వాడి చూశా, ఫ్రీ కదా అని తీసిపారేయకండి

ఎంఏ ప్రాజెక్ట్ కోసం నిఫ్టీ, రూపాయి-డాలర్ రేటు డేటా పెట్టుకుని కూర్చున్నా, పెయిడ్ సాఫ్ట్‌వేర్ ధర చూసి గుండె గుభేల్‌మంది, అప్పుడు సీనియర్ ఒకడు గ్రెటెల్ ఎక్కించుకోరా అన్నాడు. సీఎస్‌వీ ఫైల్ ఓపెన్ చేయగానే ఇది టైమ్ సిరీసా (తేదీల వరసలో ఉన్న డేటా) అని అదే అడుగుతుంది, వారానికి 5 రోజుల డైలీ డేటా అని చెప్తే సరి.

ముందు నేరుగా రిగ్రెషన్ (ఒకటి మారితే ఇంకోటి ఎంత మారుతుందో చూసే లెక్క) కొట్టేశా. ఆర్ స్క్వేర్ (ఆ లెక్క డేటాకి ఎంత బాగా సరిపోయిందో చెప్పే అంకె) అదిరిపోయింది, ఎగిరి గంతేశా, తీరా కింద డర్బిన్ వాట్సన్ (ఒకరోజు లెక్క తప్పు మర్నాటి తప్పుతో ముడిపడి ఉందా అని చూపే అంకె, 2 దగ్గరుంటే మంచిది) చూస్తే సున్నా పక్కనే ఉంది, అంటే ఆ సంబంధాన్ని నమ్మలేం! 1974లో గ్రేంజర్, న్యూబోల్డ్ అనే పరిశోధకులు చెప్పింది ఇదేనట, రెండు సిరీస్‌లు దేని దారిన అది పాకుతూ పోతుంటే సంబంధం లేకపోయినా ఉన్నట్టే కనిపిస్తుంది.

ఇక్కడే గ్రెటెల్ నచ్చింది. ఏడీఎఫ్ టెస్ట్ (సిరీస్ అలా పాకుతూ పోయే రకమా అని చూసేది) రన్ చేస్తే నల్ హైపోథిసిస్ (టెస్ట్ మొదట నిజమనుకునే మాట) యూనిట్ రూట్, అంటే పాకుతూ పోయే రకం, అని అవుట్‌పుట్‌లోనే రాసి చూపిస్తుంది. కేపీఎస్ఎస్ అనే ఇంకో టెస్ట్‌లో నల్ దీనికి పూర్తిగా రివర్స్, స్టేషనరీ (ఒక సగటు చుట్టూనే తిరిగే రకం) అని, నేను వైవా ముందు రోజు దాకా రెండూ ఒకటే అనుకున్నా (నవ్వకండి). అలా పాకే సిరీస్‌ని దారికి తేవడానికి లాగ్ డిఫరెన్స్ (రోజుకి దాదాపు ఎంత శాతం మారిందో, అంటే రిటర్న్స్) తీసుకోడానికి మెనూలో ఒక్క క్లిక్, ఆ రిటర్న్స్ మీద గార్చ్ (ఒడిదుడుకులు ఎప్పుడు పెరిగి ఎప్పుడు తగ్గుతాయో పట్టే మోడల్) కూడా అందులోనే.

గ్రాఫులు మాత్రం పాతకాలం లుక్, స్లైడ్స్‌లో పెట్టాలంటే కాస్త మేకప్ వేయాలి. 5కి 4 ఇస్తా.