బెంగళూరులో పిల్లలకి ‘హైట్ ప్యాకేజీ’ కొనేముందు ఇది చదవండి

పిల్లల ఎత్తు గురించి బెంగపడుతున్న మన తెలుగు అమ్మానాన్నలందరికీ. మారతహళ్లి దగ్గర ఒక హైట్ క్లినిక్‌లో పన్నెండేళ్ల మా బాబుకి 32,000 రూపాయల ప్యాకేజీ అంటగట్టారు. రక్తపరీక్ష, డబ్బాలకొద్దీ పొడి, నాలుక కింద కొట్టుకునే ‘గ్రోత్ హార్మోన్ స్ప్రే’.

అసలు మోసం ఆ రక్తపరీక్షలోనే ఉంది. మధ్యాహ్నం అన్నం తిని వచ్చిన పిల్లాడి దగ్గర ఒకే ఒక్కసారి రక్తం తీశారు. రిపోర్టులో గ్రోత్ హార్మోన్ ఎదురుగా వచ్చిన 0.2 అంకె చుట్టూ ఎర్ర పెన్నుతో గీసి, “హార్మోన్ దాదాపు లేనట్టే మేడమ్” అన్నారు. ఆ వేళకి ఆరోగ్యంగా ఉన్న పిల్లలకైనా అంతే ఉండొచ్చండీ! మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి ఈ హార్మోన్‌ని విడతలు విడతలుగా వదులుతుంది. పెద్ద విడత రాత్రి గాఢనిద్ర పట్టాక వస్తుంది. దానికి పైన మెదడులోనే ఉన్న హైపోథాలమస్ అనే భాగం ఒక హార్మోన్ పంపి వదలమంటుంది, సొమాటోస్టాటిన్ అనే ఇంకో హార్మోన్ పంపి ఆపమంటుంది. తిన్నాక రక్తంలో చక్కెర పెరిగితే ఇంకా తగ్గుతుంది. అందుకే నిజంగా లోపముందని అనుమానం వస్తే పరగడుపున ఈ హార్మోన్‌ని బయటికి రప్పించే క్లోనిడిన్ లాంటి మందిచ్చి, గంటల తరబడి మళ్లీ మళ్లీ రక్తం తీసి చూస్తారు.

ఇక ఆ స్ప్రే. గ్రోత్ హార్మోన్ 191 అమైనో ఆమ్లాల ప్రోటీన్. మింగితే పప్పులో ప్రోటీన్‌లాగే అరిగిపోతుంది. నిజమైన మందు డాక్టరు చీటీ మీద, చర్మం కింద ఇంజెక్షన్‌గానే ఇస్తారు, మామూలుగా ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య దాచాలి. వీళ్ల బాటిళ్లు ఎండ పడే అద్దాల బీరువాలో వరసగా పెట్టి ఉన్నాయి. లేబుల్ మీద ఉన్నది ఫుడ్ లైసెన్సు నంబరు మాత్రమే!

తర్వాత పిల్లల ఎండోక్రైనాలజిస్టుకి, అంటే హార్మోన్ల డాక్టరుకి చూపించాం. ఆవిడ ముందు అడిగింది టీకాల కార్డు, స్కూల్లో రాసిన పాత ఎత్తులు. వాటిని చార్టులో పెట్టి, ఎడమ మణికట్టు ఎక్స్‌రే తీయించారు. ఏడాదికి 5 సెంటీమీటర్లు పెరుగుతున్నాడు, ఎముకల వయసు మాత్రం కాస్త వెనకబడి ఉంది, అంటే ఎముకలు అసలు వయసుకంటే కాస్త ఆలస్యంగా ఎదుగుతున్నాయి. మా ఆయన కూడా ఇంటర్‌కి వచ్చాకే సాగారట. మందే అక్కర్లేదన్నారు. ఏడాదికి 4 సెంటీమీటర్లు కూడా పెరగకపోతే మాత్రం ఆలస్యం చెయ్యొద్దు, థైరాయిడ్ లోపం వల్ల కూడా ఎదుగుదల ఆగుతుంది.

జిమ్ముల్లో దొంగచాటుగా ఈ హార్మోన్ ఇంజెక్షన్లు కొనే కుర్రాళ్లకీ చెప్పండి. ఎముకల చివర్లలో పెరిగే భాగం మూసుకుపోయాక ఎత్తు పెరగరు. ఈ హార్మోన్ ఎక్కువైతే చేతులు, పాదాలు, దవడ పెరుగుతాయి, షుగరు కూడా రావొచ్చు. పిట్యూటరీలో గడ్డ వచ్చి హార్మోన్ ఎక్కువైనవాళ్లకి వచ్చే ఆక్రోమెగలీ అనే జబ్బులో జరిగేది ఇదే.

సీలు తీసిన బాటిల్ వెనక్కి తీసుకోం అంటూ క్లినిక్ వాళ్లు మా డబ్బు తిరిగి ఇవ్వలేదు. బిల్లు, రిపోర్టు, లేబుల్ ఫోటో దగ్గర పెట్టుకుని 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫిర్యాదు చేశాను. మీ దగ్గర బిల్లుంటే మీరూ చెయ్యండి.