నాలుగేళ్ల ప్రయాణాల్లో 2 జీబీ ర్యామ్ ఫోన్: ఒక వెబ్ డిజైనర్ సమీక్ష

నేను వెబ్‌సైట్లు రూపొందించే పని చేస్తాను. ఏడాదిలో ఇంచుమించు సగం రోజులు ప్రయాణాల్లోనే గడుస్తాయి కాబట్టి, పని చేసే సరంజామా అంతా వీపున వేసుకునే ఒక్క సంచిలో ఇమడాలి. 2021లో ఒక దూర ప్రయాణానికి ముందు, అసలు ఫోన్ పోయినా పాడైనా చేతిలో ఇంకొకటి ఉండాలన్న జాగ్రత్తతో, అప్పటికి దొరుకుతున్న ఫోన్లలో అన్నిటికన్నా కింది తరగతికి చెందినదాన్ని ఒకటి కొన్నాను. 2 జీబీ ర్యామ్, 32 జీబీ స్టోరేజ్, 720×1440 పిక్సెళ్ల తెర, పాత మైక్రో యూఎస్‌బీ పోర్టు, తక్కువ ర్యామ్ ఉన్న ఫోన్ల కోసం గూగుల్ 2017లో ప్రకటించిన ఆండ్రాయిడ్ గో, ఇవీ దాని వివరాలు. తయారీ సంస్థ పేరు రాయడం లేదు, ఎందుకంటే ఇక్కడ చెప్పబోయే మంచిచెడ్డలు ఈ తరగతి ఫోన్లన్నిటికీ దాదాపు ఒకే తీరుగా వర్తిస్తాయి. అత్యవసరానికని కొన్న ఈ ఫోన్ నాలుగేళ్లుగా నా పనిలో ల్యాప్‌టాప్ తరువాత అంతటి ముఖ్యమైన పరికరంగా ఉంది. దాని గురించి నిలకడగా రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

ఫోన్‌గా దీని సంగతి ముందు క్లుప్తంగా చెబుతాను. మాట స్పష్టంగా వినిపిస్తుంది. సిగ్నల్ బలహీనంగా ఉన్న చోట నా అసలు ఫోన్‌కు ఏమీ తీసిపోదు. 4,000 ఎంఏహెచ్ బ్యాటరీ మొదటి రెండేళ్లూ ఒకటిన్నర రోజు వచ్చేది. కెమెరా పగటి వెలుతురులో టికెట్టునో, బస్సుల వేళల పట్టికనో ఫొటో తీసి పెట్టుకోవడానికి సరిపోతుంది, అంతకుమించి ఆశించకూడదు. రెండుసార్లు రాతి మెట్ల మీద పడినా తెర పగలలేదు.

దీని అసలు విలువ నాకు తెలిసింది ఒక కొండదారిలో. ముందు ఎక్కడో దారి మూసుకుపోయి మా బస్సు గంటకు పైగా కదలలేదు. అసలు ఫోన్‌లో ఛార్జింగ్ అయిపోయింది. ప్రయాణికులు గదులు బుక్ చేసుకునే ఒక వెబ్‌సైటును అంతకు రెండు వారాల ముందే పూర్తిచేసి క్లయింటుకు అప్పగించి ఉన్నాను. ఒకసారి బుకింగ్ చేసి చూడమని ఆయన సందేశం పంపితే, ఉన్న ఒక్క గీత సిగ్నల్ మీద ఈ ఫోన్‌లోనే సైటు తెరిచాను. తెర తెల్లగా అలాగే ఉండిపోయింది. సెకన్లు లెక్కపెట్టాను. ఇరవై దాటాక శీర్షిక కనిపించింది, ఆ తరువాత తేదీల గడులు, వాటి కింద బటన్లు వచ్చాయి. ‘ముందుకు’ అన్న బటన్ మీద వేలు ఆనించబోతున్న క్షణంలోనే పైన ఒక పెద్ద ఫొటో వచ్చి చేరింది, పేజీ మొత్తం కిందికి జరిగింది, పైనున్న ‘అన్నీ తొలగించు’ బటన్ సరిగ్గా నా వేలి కిందికి వచ్చింది. మళ్లీ మొదటి నుంచి వివరాలన్నీ నింపాను. ఈసారి ఓటీపీ వచ్చింది. సందేశాల యాప్ తెరిచి ఆరు అంకెలూ చూసుకుని బ్రౌజర్‌లోకి తిరిగి వచ్చేసరికి పేజీ మళ్లీ మొదటి నుంచి లోడ్ అవుతోంది. రాసిన పేరు లేదు, ఎంచుకున్న తేదీలు లేవు, ఓటీపీ వేయాల్సిన గడి లేదు.

ర్యామ్ చాలనప్పుడు ఆండ్రాయిడ్ వెనక్కి వెళ్లిన యాప్‌లను ఆపేసి ఉన్న జాగాను ముందున్న యాప్‌కు ఇస్తుందని నాకు తెలుసు. తెలిసి కూడా దాన్ని లెక్కలోకి తీసుకోకుండా పేజీ తయారుచేశాను. ఆ పేజీ గీసింది నేను, కోడ్ రాసింది నేను, పరీక్షించి బాగుందని చెప్పిందీ నేనే. ఆ బస్సులో కూర్చున్నప్పుడు కలిగిన బాధ ఇప్పటికీ గుర్తుంది. రాత్రి బస దొరకక ఆ పేజీతో కుస్తీ పడుతున్న మనిషి నాకు ఆ రోజు కళ్లకు కట్టినట్టు కనిపించాడు.

పరీక్షించకపోవడం వల్ల జరిగిన పొరపాటు కాదది. ల్యాప్‌టాప్ బ్రౌజర్‌లోని డెవలపర్ టూల్స్‌లో ఫోన్ తెర కొలతలు పెట్టి, నెట్‌వర్క్ వేగాన్ని తగ్గించి, ప్రాసెసర్‌ను కూడా నాలుగు రెట్లు నెమ్మది చేసి చూసే అలవాటు నాకు ఎప్పటి నుంచో ఉంది. అది పనికిరాని పద్ధతి అనను, మొదటి వడపోతకు ఇప్పటికీ దాన్నే వాడతాను. అయితే అక్కడ ర్యామ్ ల్యాప్‌టాప్‌ది, వేలికి బదులు మౌస్ సూది, పైన ఎండ ఉండదు, మధ్యలో మరో యాప్‌కు వెళ్లి రావడం ఉండదు. సిగ్నల్ వచ్చిపోయే తీరు కూడా వేరు. ల్యాప్‌టాప్‌లో ఇలా ఫోన్‌ను అనుకరించే ఎమ్యులేటర్‌లో వేగం ఒకే స్థాయిలో నెమ్మదిగా ఉంటుంది. దారిలో మాత్రం అది ఒక్కసారిగా తెగిపోతుంది, నిమిషం తరువాత తిరిగి వస్తుంది, ఈలోగా సగం వచ్చిన ఫైలు సగంలోనే ఆగి ఉంటుంది.

ఆ ప్రయాణం ముగిశాక ఆ సైటును సరిచేయడానికి నాలుగు రోజులు పట్టింది. 1.8 ఎంబీ ఉన్న ఫొటోను ఈ తెరకు సరిపడే వెడల్పులో, తక్కువ సైజులో ఇమిడే వెబ్‌పీ అనే ఫొటో రూపంలోకి మారిస్తే వంద కేబీ లోపుకు వచ్చింది. ఫొటో రాకముందే దాని చోటును బ్రౌజర్ అట్టిపెట్టుకునేలా వెడల్పు, ఎత్తు కోడ్‌లోనే రాశాను. ఈ రెండు అంకెలు రాయకపోవడమే ఆనాడు బటన్లు కిందికి జారడానికి కారణం. తేదీలు ఎంచుకోవడానికి జావాస్క్రిప్ట్‌తో, అంటే బ్రౌజర్ నడపాల్సిన ప్రోగ్రామ్ కోడ్‌తో, పెట్టిన భారీ క్యాలెండర్‌ను తీసేసి ఫోన్‌లో ఎలాగూ ఉన్న తేదీ గడినే వాడాను. వంద కేబీల ఫొటోకూ, వంద కేబీల జావాస్క్రిప్ట్‌కూ డేటా ఖర్చు ఒకటే కావచ్చు గానీ, రెండోదాన్ని ప్రాసెసర్ చదివి, అర్థం చేసుకుని, నడపాలి. ఆ శ్రమ ఎంతటిదో ఈ ఫోన్‌లో బటన్ నొక్కి ఎదురుచూసినప్పుడు వేలికే తెలుస్తుంది. కార్డు వివరాలు మినహా నింపిన ప్రతి గడినీ అప్పటికప్పుడు బ్రౌజర్ నిల్వలో దాచేలా చేశాను, కాబట్టి పేజీ మళ్లీ లోడ్ అయినా పేరు, తేదీలు అలాగే ఉంటాయి. ఓటీపీ సందేశాన్ని నిర్ణీత రూపంలో పంపితే క్రోమ్ తానే అంకెలను చదివి, అనుమతి అడిగి గడిలో నింపే సదుపాయం 2020 నుంచి ఉంది. దాన్ని వాడితే సందేశాల యాప్‌కు వెళ్లాల్సిన అవసరమే రాదు.

గూగుల్ కోర్ వెబ్ వైటల్స్ పేరిట ఇచ్చిన హద్దులు నాకు అంతకుముందు నుంచీ తెలుసు: పేజీలోని ప్రధాన భాగం 2.5 సెకన్లలోపు కనిపించాలి, పేజీ కదలిక కొలత 0.1 దాటకూడదు, నొక్కిన దానికి 200 మిల్లీసెకన్లలో స్పందన రావాలన్న కొలమానం 2024 మార్చిలో వాటిలో చేరింది. ఆ బస్సు ప్రయాణం దాకా అవి నివేదికలో పచ్చరంగు తెచ్చుకోవడానికి పనికొచ్చే అంకెలుగానే ఉండేవి. ఇప్పుడు 0.1 అన్న అంకె చూస్తే వేలి కిందికి జారి వచ్చిన ఆ బటన్ గుర్తుకు వస్తుంది.

తరువాతి ప్రయాణాల్లో ఈ ఫోన్ పట్టిచ్చిన లోపాల్లో రెండింటిని వివరంగా చెప్పాలి. మొదటిది తెర ఎత్తుకు సంబంధించినది. పేజీని తెర నిండా పరచడానికి, పేజీ రూపాన్ని నిర్దేశించే సీఎస్ఎస్‌లో ‘100 వీహెచ్’ (తెర ఎత్తులో నూరు శాతం) అని రాస్తాం. ఫోన్ బ్రౌజర్‌లో అడ్రస్ బార్ కనిపిస్తున్నప్పుడు తెరలో మిగిలే చోటు అంతకన్నా తక్కువ, కాబట్టి అడుగున పెట్టిన బటన్ కిందికి పోయి సగమే కనిపిస్తుంది. ల్యాప్‌టాప్‌లోని ఎమ్యులేటర్‌లో అడ్రస్ బార్ ఇలా ముడుచుకుని విచ్చుకోదు, అందుకే ఈ లోపం నాకు ఎన్నడూ కనబడలేదు. బార్ ఉన్నా లేకపోయినా సరిగ్గా సర్దుకునే ‘డీవీహెచ్’ కొలత 2022లో సఫారీ, ఫైర్‌ఫాక్స్, క్రోమ్ బ్రౌజర్లు మూడింటిలోనూ వచ్చింది. పాత బ్రౌజర్ల కోసం ముందు వీహెచ్, ఆ కింది వరుసలో డీవీహెచ్ రాస్తే సరిపోతుంది.

రెండోది ఎండ. ఒకసారి పడవ పైభాగంలో కూర్చుని నా సైట్లన్నిటినీ వరుసగా తెరిచి చూశాను. ఈ తెర వెలుగు తక్కువ, ఎండ నేరుగా పడుతోంది. శీర్షికలు చదవగలిగాను. వాటి కింద ఎంతో నాజూకుగా ఉందనుకుని పెట్టిన లేత బూడిదరంగు వివరాలు మాత్రం తెరలో కలిసిపోయాయి. తెలుపు మీద 999999 అనే కోడ్ ఉన్న ఆ బూడిదరంగుకు వెలుగుల వ్యత్యాస నిష్పత్తి 2.85 మాత్రమే, వెబ్ పేజీలు అందరూ చదవగలిగేలా ఉండడానికి ఏర్పరచిన డబ్ల్యూసీఏజీ ప్రమాణం మామూలు పరిమాణంలోని అక్షరాలకు కనీసం 4.5 ఉండాలంటుంది. 767676కు ముదిరిస్తే 4.54 వస్తుంది. నేను ఆ హద్దు దగ్గర కూడా ఆగకుండా ఇంకా ముదురు రంగులే వాడుతున్నాను.

అదే పడవలో తెలుగు పేజీలు చూసినప్పుడు మరొకటి గమనించాను. ఇంగ్లిష్ అక్షరాలకు సరిపోయే 1.2 వరుస ఎత్తులో (అక్షరాల పరిమాణానికి 1.2 రెట్లు) తెలుగు పెడితే ‘స్త్రీ’, ‘రాష్ట్రం’ వంటి మాటల వత్తులు కింది వరుస గుడులకు తగులుతాయి. ఎత్తు బిగించి కట్టిన బటన్‌లోనైతే ‘ధ్రువీకరించండి’ అన్న మాటలో అడుగు భాగం తెగిపోయి కనిపించింది. అప్పటి నుంచి తెలుగుకు 1.6కు తక్కువ పెట్టడం లేదు, బటన్లకు ఎత్తు బిగించడం మానేసి లోపల పైకీ కిందికీ ఖాళీ వదులుతున్నాను. వత్తుల కలయికల వల్ల తెలుగు ఫాంటు ఫైళ్లు బరువుగా ఉంటాయి కాబట్టి, పాఠానికి ఆండ్రాయిడ్ ఫోన్లలో సాధారణంగా ఉండే నోటో తెలుగు ఫాంటునే వాడి, శీర్షికలకు మాత్రమే వేరే ఫాంటు తెప్పిస్తున్నాను. మన భాషలో చదివేవారికి ఈ మాత్రం శ్రద్ధ దక్కాలని నేను గట్టిగా నమ్ముతాను.

ఇక ఈ ఫోన్ లోపాలు. అన్నిటికన్నా పెద్దది ఛార్జింగ్ పోర్టు. ఫోన్ సెట్టింగ్స్‌లో బిల్డ్ నంబర్ మీద ఏడుసార్లు నొక్కితే డెవలపర్ ఆప్షన్లు తెరుచుకుంటాయి. వాటిలో యూఎస్‌బీ డీబగ్గింగ్‌ను ఆన్ చేసి, కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కు కలిపితే ఫోన్‌లో తెరిచిన పేజీని ల్యాప్‌టాప్‌లోనే విప్పి చూడవచ్చు, మార్చవచ్చు. నా పనికి ఇది ప్రాణం. కానీ కేబుల్ రోజుకు పదిసార్లు పెట్టి తీయడంతో మూడో ఏటికి మైక్రో యూఎస్‌బీ పోర్టు వదులైపోయింది. ఇప్పుడు కేబుల్‌ను ఒక పక్కకు వంచి పట్టుకుంటే తప్ప డేటా అందదు. కేబుల్ లేకుండా వైఫై మీదే ఇలా డీబగ్ చేసే, అంటే లోపాలు వెతికి సరిచేసే, సదుపాయం ఆండ్రాయిడ్ 11లో వచ్చింది, నా ఫోన్ 10 దగ్గరే ఆగిపోయింది. ఈ పనికి ఇటువంటి ఫోన్ కొనదలచినవారు టైప్ సి పోర్టు, ఆండ్రాయిడ్ 11 లేదా ఆ పైది ఉన్నదే తీసుకోవాలి. ఈ ఒక్క విషయంలో రాజీపడవద్దు.

స్టోరేజ్ కూడా త్వరగా నిండిపోతుంది. దారి పొడవునా పనికొచ్చే ఆఫ్‌లైన్ మ్యాపులు దించుకోవాలంటే పాత ఫొటోలన్నీ తీసేయాలి. సెక్యూరిటీ అప్‌డేట్లు రెండేళ్లకే ఆగిపోయాయి, బ్రౌజర్ మాత్రం కొత్తదవుతూ వస్తోంది. అందువల్ల ఇందులో బ్యాంకు యాప్‌లు గానీ, క్లయింట్ల పాస్‌వర్డ్‌లు గానీ పెట్టను. ఛార్జింగ్ నిండడానికి మూడు గంటలు పడుతుంది. 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు వెంట ఉంచుకుంటాను. 3.7 వోల్టుల లెక్కన అది 74 వాట్ అవర్లు, విమానాల్లో సాధారణంగా అనుమతించే 100 వాట్ అవర్ల హద్దుకు లోపలే ఉంటుంది. పవర్ బ్యాంకును చేతి సంచిలోనే ఉంచాలి, లగేజీలో వేయకూడదు.

ఈ ఫోన్ చూపించలేనివి కూడా ఉన్నాయి. ఐఫోన్‌లోని సఫారీ తీరు వేరు. ఉదాహరణకు గడిలో అక్షరాల పరిమాణం 16 పిక్సెళ్లకు తక్కువుంటే, దాని మీద నొక్కగానే అక్కడ పేజీ పెద్దదై పక్కకు జరుగుతుంది. ఈ ఫోన్‌లో అలా జరగదు. ఒక సైటులో ఆ లోపం నాకు తెలియకుండానే ఐదు నెలలు ఉండిపోయింది. తోటి ప్రయాణికుడొకరు తన ఐఫోన్‌లో అది తెరిచి చూపించిన తరువాతే గ్రహించాను. ఇప్పుడు సైటు అప్పగించే ముందు ఎవరిదైనా ఐఫోన్ అరగంట అడిగి తీసుకుంటున్నాను.

మొన్నటి ప్రయాణంలో వెనుక మూత ఒక మూల స్వల్పంగా పైకి లేచినట్టు కనిపించింది. లోపల బ్యాటరీ ఉబ్బింది. ఉబ్బిన లిథియం బ్యాటరీని నొక్కకూడదు, ఛార్జింగ్ పెట్టకూడదు, దానితో ప్రయాణం చేయకూడదు. అందుకని ఫోన్ ఆపేసి, అప్పుడు ఉన్న ఊళ్లోనే మెకానిక్ దగ్గర కొత్త బ్యాటరీ వేయించాను. ఆయన పోర్టు కూడా మార్చగలనన్నాడు గానీ, ఆ ముక్క ఆయన దగ్గర లేదు. ప్రస్తుతం కేబుల్‌ను వంచి పట్టుకునే పని చేస్తున్నాను. గత వారం అప్పగించిన సైటును ఈ ఫోన్‌లో, సొరంగాలు ఎక్కువగా ఉన్న రైలు దారిలో పరీక్షించాను: సిగ్నల్ మూడుసార్లు తెగింది, సందేశాల యాప్‌కు రెండుసార్లు వెళ్లి వచ్చాను, నింపిన ఫారం నింపినట్టే ఉంది.