నమీబ్ ఇసుక నుంచి విక్టోరియా జలపాతం దాకా: ఎక్కడ ఖర్చు పెట్టాలి, ఎక్కడ ఆగాలి

నమీబియా, బోట్స్వానా, జింబాబ్వే కలిపి తిరగాలనుకునేవాళ్ళు ముందుగా గదుల ఫొటోలు చూస్తారు. నన్నడిగితే ఈ దారిలో గది ఎలా ఉందన్నదాని కన్నా ఎక్కడుందన్నదే ముఖ్యం.

నమీబ్ ఎడారిలోని సోసస్‌వ్లే సంగతే చూడండి. ఇసుక దిబ్బలకి వెళ్ళాలంటే సెస్రియమ్ గేటు దాటాలి. బయటి లాడ్జిల వాళ్ళకి అది సూర్యోదయానికి తెరుస్తారు, పార్కు లోపల దిగినవాళ్ళని గంట ముందే వదులుతారు. అక్కణ్ణుంచి దిబ్బల లోపలికి ఇంకా 60 కిలోమీటర్లు. బయట దిగితే సూర్యోదయాన్ని కారు అద్దంలోంచే చూసుకోవాలి. మేం లోపలే టెంటు వేసుకున్నాం. ఆగస్టు చలికి తెల్లవారుజామున పళ్ళు టకటకలాడాయి గానీ, డెడ్‌వ్లే చేరేసరికి జనం పెద్దగా లేరు. తెల్లటి బంకమట్టి నేల, చుట్టూ ఎర్ర దిబ్బలు, మధ్యలో వందల ఏళ్ళ కిందటే ఎండిపోయి నల్లబడిన తుమ్మజాతి చెట్లు. నది దారికి దిబ్బలు అడ్డం రావడంతో నీళ్ళందక చచ్చాయి, తేమ లేక కుళ్ళలేదు. చివరి 5 కిలోమీటర్లు ఒట్టి ఇసుక. ఫోర్ బై ఫోర్ ఉన్నా అలవాటు లేకపోతే షటిల్ ఎక్కడమే నయం.

నమీబియాలో డ్రైవింగ్ మనలాగే ఎడమవైపు కాబట్టి దాంతో ఇబ్బంది లేదు, కంకర రోడ్లతోనే టెన్షన్. కారు అద్దెకిచ్చినవాళ్ళు ఒక్క స్టెప్నీతో సరిపెట్టబోయారు. రెండోది పట్టుబట్టి తీసుకున్నాం, అది వాడాల్సి వచ్చింది కూడా. చీకటి పడ్డాక జంతువులు రోడ్డు మీదికొస్తాయి, అప్పుడు బండి నడపకపోవడమే మంచిది.

నమీబియాలోనే ఉన్న ఎటోషా నేషనల్ పార్కులో సొంత కారులోనే తిరగొచ్చు, గైడు తప్పనిసరి కాదు. వానలు లేని నెలల్లో జంతువులన్నీ నీటిగుంటల దగ్గరికే వస్తాయి, ఓపిగ్గా కూర్చుంటే చాలు. ఒకుకుయెజో క్యాంపులో రాత్రంతా లైట్లు వేసి ఉంచే నీటిగుంట ఉంది. గదిలో కన్నా ఆ గోడ పక్క బెంచీ మీదే ఎక్కువసేపు గడిపాం. నల్ల ఖడ్గమృగం నీళ్ళు తాగుతుంటే చప్పుడు స్పష్టంగా వినిపించింది.

బోట్స్వానాలోని ఒకవాంగో డెల్టా వేరే లోకం. అంగోలా ఎత్తైన ప్రాంతాల్లో కురిసిన వాన నెలల తరబడి నదిలో నడిచొచ్చి, ఇక్కడ చినుకు పడని కాలంలో వరదగా పరుచుకుంటుంది. సముద్రం మొహం చూడకుండా కలహారిలోనే చాలావరకు ఆవిరైపోతుంది. జూన్ నుంచి ఆగస్టు దాకా నీళ్ళు బాగుంటాయి. చిన్న విమానంలో వెళ్ళే లోపలి క్యాంపుల్లో సీజన్‌లో మనిషికి రాత్రికి వెయ్యి అమెరికా డాలర్లు దాటేవి చాలానే. మేం డెల్టా పక్కనున్న మౌన్ ఊళ్ళో మామూలు గెస్ట్‌హౌస్‌లో దిగి, ఊరివాళ్ళ సంఘం నడిపే మొకోరో ఎక్కాం. పొడవాటి ఇరుకు పడవ అది, ఇప్పుడు చాలావరకు ఫైబర్‌వే. నీళ్ళకి జానెడు ఎత్తులో కూర్చుంటాం, రెల్లు మొహానికి తగులుతుంటుంది. పడవతను కర్ర ఆపి ఒక రెల్లుకాడ వైపు చూపించాడు. బొటనవేలి గోరంత కప్ప, ఒంటి నిండా చారలు, కాళ్ళు లోపలికి ముడుచుకుని అతుక్కుని ఉంది. కాస్త ముందుకెళ్ళాక నీటిగుర్రాల గురక వినపడితే మాట్లాడకుండా పడవ తిప్పేశాడు. ఆ మడుగు వైపు వెళ్దామని మావారు అడిగినా ఒప్పుకోలేదు, మంచి పని చేశాడు.

డబ్బులుంటే మౌన్ నుంచి విమానంలో గంటసేపు పైనుంచి చూడండి. సీట్లు నిండితే తలకి పడే ఖర్చు తగ్గుతుంది, కాబట్టి ముందురోజే తోడు వెతుక్కోవాలి.

బోట్స్వానాలోనే ఉన్న చోబే నేషనల్ పార్కులో జీపు కన్నా పడవే మేలు. మధ్యాహ్నం బయల్దేరే చిన్న పడవ అడగండి, పెద్దవి ఒడ్డుకి అంత దగ్గరగా పోలేవు. ఏనుగులు తొండాలు పైకెత్తి, పిల్లల్ని మధ్యలో పెట్టుకుని సెడుడు దీవికి ఈదుతుంటాయి. ఆ గడ్డిదీవి కోసం నమీబియా, బోట్స్వానా అంతర్జాతీయ న్యాయస్థానం దాకా వెళ్ళాయి, 1999లో బోట్స్వానాకే దక్కింది. ఏనుగులకి ఆ తీర్పుతో పనేముంది!

అక్కణ్ణుంచి విక్టోరియా జలపాతం సుమారు 80 కిలోమీటర్లు. వెడల్పు 1,708 మీటర్లు, లోతు 108. ఎక్కువ భాగం కనిపించేది జింబాబ్వే వైపు నుంచే. జాంబియా వైపు అక్టోబరు, నవంబరులో చాలాచోట్ల బండలే మిగులుతాయి. ఏప్రిల్, మే నెలల్లో నీళ్ళు ఎక్కువై తుంపరలో ఏమీ కనపడదంటారు. ఆగస్టులో రెండూ కుదిరాయి: తడిశాం, చూశాం. హెలికాప్టర్ మాత్రం ఖర్చుకి తగ్గట్టు అనిపించలేదు, కాలినడక దారి దానికన్నా పదింతలు నయం. జింబాబ్వేలో చిన్న అమెరికా డాలర్ నోట్లు దగ్గరుంచుకోండి, చిల్లర దొరకడం కష్టం.

తిండి విషయానికొస్తే మాంసం తినేవాళ్ళకి లోటు లేదు. శాకాహారులు కందిపొడి, ఆవకాయ పట్టుకెళ్ళాలి, మొక్కజొన్న ముద్దలోకి రెండూ బాగానే కలిశాయి. బోట్స్వానాలో పశువుల రోగాలు పాకకుండా వేసిన కంచెల దగ్గర పచ్చిమాంసం తీసేసుకుంటారు, చెప్పుల్ని మందునీళ్ళలో ముంచమంటారు. బ్యాగులో ఉన్న జతలన్నీ దింపి ముంచాల్సిందే.