మహమ్మారిలో బడి మూయడమా, తెరిచి ఉంచడమా: ఏది మేలు?

2021 సెప్టెంబర్ 1. కోవిడ్ వల్ల మూసిన మా బడి తాళం పదిహేడున్నర నెలల తర్వాత పిల్లల కోసం తీశాం. నల్గొండ జిల్లాలో ఒక చిన్న పల్లె, ఇద్దరు టీచర్లున్న ప్రాథమిక పాఠశాల మాది. ఆ రోజు మూడో తరగతి వరుసలో కూర్చున్న ఒక పాపకు పలక ఇచ్చి 'అక్క' అని రాయమన్నాను. 2020 మార్చిలో బడి మూసేనాటికి తను ఒకటో తరగతి. గుణింతాలు అయిపోయి ఒత్తుల్లోకి వచ్చాం. పాప 'అక' అని రాసి ఆగిపోయింది. క కింద వేలు పెట్టి నా మొహంలోకి చూసింది. అక్కడ ఇంకేదో ఉండాలని తనకు తెలుసు, అదేంటో గుర్తు రావడం లేదు. రెండో తరగతి గదిలో ఒక్కరోజు కూడా కూర్చోకుండా ఆ పిల్ల మూడో తరగతికి వచ్చేసింది.

మళ్లీ ఇలాంటి జబ్బు వస్తే బడులు మూయాలా వద్దా అని ఎవరైనా అడిగితే నాకు ముందు ఆ వేలే గుర్తొస్తుంది. అలాగని 'అస్సలు మూయొద్దు' అని నేను అనను. అటూ ఇటూ ఏముందో విడివిడిగా చూడాలి.

ముందు మూయడం సంగతి. 2020 మార్చిలో ఆ వైరస్ గురించి ఎవరికీ ఏమీ తెలియదు. పిల్లలకు ఎంత ప్రమాదమో, వాళ్ల ద్వారా ఇంట్లో ముసలివాళ్లకు ఎంత అంటుతుందో లెక్కల్లేవు. మా పల్లెలో నానమ్మ, తాతయ్య, మనవలు ఒకే గదిలో పడుకుంటారు. బడిలో నలభై మంది పిల్లలకు రెండే గదులు, గదికి రెండేసి కిటికీలు, వాటిలో ఒకటి తెరుచుకోదు. ఆ పరిస్థితిలో తాళం వేయడం సరైన పనే. 2021 ఏప్రిల్, మే నెలల్లోనూ అంతే. సెకండ్ వేవ్‌లో ఆక్సిజన్ కోసం జనం ఎలా తిరిగారో మనమంతా చూశాం. మా మండలంలో తోటి టీచర్లు పోయారు. ఆ వారాల్లో బడి తెరిచి ఉంచాల్సిందని ఎవరన్నా నేను ఒప్పుకోను.

ఏ జబ్బన్నది కూడా చూడాలి. 1937లో అమెరికాలోని షికాగోలో పోలియో వ్యాపించినప్పుడు సెలవుల తర్వాత బడులు తెరవడం వాయిదా వేసి, రేడియోలో పాఠాలు చెప్పారు. పోలియో ఎక్కువగా పిల్లల్నే పట్టుకునే జబ్బు కాబట్టి మూయడంలో అర్థం ఉంది. ఆ రేడియో పాఠాలు మూడో తరగతి నుంచి ఎనిమిదో తరగతి వరకే. 2020 సెప్టెంబర్‌లో మన దగ్గర దూరదర్శన్ యాదగిరి చానల్లో, తెలంగాణ ప్రభుత్వ చదువుల చానల్ టీ-శాట్‌లో వేసిన పాఠాలు కూడా మూడో తరగతి నుంచే మొదలయ్యాయి. ఒకటి, రెండు తరగతుల పిల్లలకు తెర ముందు కూర్చోబెట్టి అక్షరం నేర్పలేమని అప్పుడూ తెలుసు, ఇప్పుడూ తెలుసు. తెలిసి కూడా వాళ్లకు అసలైన బడి అందరికంటే చివర తెరిచాం. నా బాధంతా ఇక్కడే ఉంది.

రెండో దారి, తెరిచే ఉంచడం. కోవిడ్‌లో దీనికి పెద్ద ఉదాహరణ స్వీడన్. పదహారేళ్ల లోపు పిల్లల బడుల్ని 2020 వసంతంలో వాళ్లు మూయలేదు, పై తరగతులకు మాత్రమే ఇంటి నుంచి చదువు పెట్టారు. ఆ దేశంలో 1 నుంచి 16 ఏళ్ల వయసు పిల్లలు 19.5 లక్షల మంది. మార్చి నుంచి జూన్ వరకు వాళ్లలో కోవిడ్‌తో ఐసీయూలో చేరింది 15 మంది, చనిపోయినవాళ్లు ఎవరూ లేరు. ఇది వినగానే 'చూశారా' అనబుద్ధేస్తుంది. కానీ అక్కడి టీచర్ల సంగతి కూడా చెప్పాలి. బడికి వచ్చి పాఠం చెప్పిన హైస్కూల్ స్థాయి టీచర్లకు, ఇంటి నుంచి చెప్పిన పై తరగతుల టీచర్లతో పోలిస్తే దాదాపు రెట్టింపుగా కోవిడ్ సోకింది. పైగా అక్కడ తాతలు, అమ్మమ్మలు ఎక్కువగా వేరే ఇళ్లలో ఉంటారు. తరగతి గదులు వేరు, ఆసుపత్రులు వేరు. స్వీడన్‌ను ఉన్నదున్నట్టు తెచ్చి నల్గొండలో పెట్టలేం.

మనకు దగ్గరగా అనిపించేది ఇంకా పాత కథ. 1918 ఫ్లూ సమయంలో న్యూయార్క్ నగరం బడులు మూయలేదు. ఆరోగ్య కమిషనర్ రాయల్ కోప్‌లాండ్ వాదన సూటిగా ఉంటుంది. సుమారు పది లక్షల మంది బడి పిల్లల్లో ముప్పావు వంతు ఇరుకు అద్దె గదుల్లో ఉండేవాళ్లు. ఇంటికి పంపితే గాలీ వెలుతురూ లేని గదిలో, లేదా వీధిలో ఉంటారు. బడిలో ఉంటే రోజూ నర్సు చూస్తుంది, ఒంట్లో బాగోలేని పిల్లను వెంటనే పక్కకు తీస్తారు. మా పల్లెలో బడి మూసినప్పుడు కూడా పిల్లలు ఇంట్లో కూర్చోలేదు. చెరువు గట్టున, గుడి అరుగు మీద గుంపుగానే ఆడారు. పత్తి కాలం వచ్చాక చేన్లలో గుంపుగానే ఏరారు. వాళ్లు దూరంగా ఉన్నది బడికి మాత్రమే.

దీన్ని బలపరిచే లెక్క కూడా ఉంది. 2021 జూన్, జులైలో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 70 జిల్లాల్లో రక్తపరీక్షలతో చేసిన సీరో సర్వేలో మా నల్గొండ కూడా ఉంది. దేశం మొత్తం మీద 6 నుంచి 9 ఏళ్ల పిల్లల్లో 57.2 శాతం మందికి అప్పటికే యాంటీబాడీలు ఉన్నాయి. అంటే చాలాచోట్ల ప్రాథమిక బడి గడప తొక్కకుండానే సగానికి పైగా పిల్లలకు వైరస్ వచ్చిపోయింది. బడి మూస్తే వ్యాప్తి ఏమాత్రం తగ్గదని దీనర్థం కాదు, మొదటి వారాల్లో తగ్గే ఉంటుంది. కానీ ఏడాదిన్నర పాటు ఊరంతా తెరిచి బడి ఒక్కటే మూస్తే పిల్లలకు వైరస్ రాకుండా పోలేదు. ఆ జులైలోనే ఐసీఎంఆర్ డైరెక్టర్ జనరల్ బలరామ్ భార్గవ, తెరిచేటప్పుడు ప్రాథమిక బడులతో మొదలుపెట్టొచ్చని చెప్పారు. చిన్నపిల్లలు ఈ వైరస్‌ను పెద్దలకంటే బాగా తట్టుకుంటారన్నారు.

మనం చేసింది దానికి తలకిందులు. 2021 ఫిబ్రవరి 1న తెలంగాణలో తొమ్మిదో తరగతి నుంచి పైవాళ్లకు తెరిచారు. అదే నెల 24న ఆరు నుంచి ఎనిమిది. ఒకటి నుంచి ఐదు వరకు పిలుపే రాలేదు. హాస్టళ్లలో, గురుకులాల్లో కేసులు రావడంతో మార్చి 24న మళ్లీ అన్నీ మూసేశారు. పెద్దవాళ్లకు ముందు ఎందుకంటే పరీక్షలు ఉన్నాయి కాబట్టి. కానీ పదో తరగతి పిల్లకు పుస్తకం ఇస్తే ఎంతో కొంత చదువుకుంటుంది. ఒకటో తరగతి పిల్లకు పుస్తకం చదవడమే ఇంకా రాదు.

ఆన్‌లైన్ క్లాసులు మూడో దారి అని చాలామంది అంటారు. పట్నంలో, ఇంట్లో రెండు ఫోన్లు, పక్కన కూర్చునే అమ్మానాన్న ఉన్నచోట అది కొంత పనిచేసింది. మా దగ్గర ఏమైందో 'అక' అని రాసిన పాప తల్లి మాటల్లోనే చెప్తాను. "ఫోన్ ఒక్కటే, టీచర్. ఆయన పొద్దుగాల సెంట్రింగ్ పనికి పట్టుకపోతడు, రాత్రి ఎనిమిదింటికి తెస్తడు. అప్పటికి పోరి పండుకుంటది." 2021 ఆగస్టులో 15 రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాల్లో పేద ఇళ్ల పిల్లలపై ఆర్థికవేత్తలు జీన్ డ్రెజ్, రీతికా ఖేరా వంటివాళ్లు కలిసి చేసిన సర్వేలో, పల్లెల్లో క్రమంగా ఆన్‌లైన్‌లో చదువుతున్నవాళ్లు 8 శాతమే. అసలు ఏమీ చదవనివాళ్లు 37 శాతం. ఇక మధ్యాహ్న భోజనం ఏ ఫోన్‌లోనూ రాదు. ఆంధ్రప్రదేశ్‌లో బియ్యం, గుడ్లు, చిక్కీలు ఇళ్లకు పంపారు, మంచి పనే. కానీ ఇంటికి వచ్చిన బియ్యం ఇంటిల్లిపాదీ తింటారు. బడిలో పెట్టిన కంచం ఆ పిల్లదే.

నష్టం ఎంతో పల్లె పిల్లలకు చదవడం, లెక్కలు ఎంతవరకు వచ్చో చూసే అసర్ సర్వేను 2022 చివర్లో చేసినప్పుడు బయటపడింది. తెలంగాణ పల్లెల్లో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు 2018లో 18.1 శాతం, 2022లో 5.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 22.6 నుంచి 10.3కి పడిపోయింది. 2022లో మూడో తరగతిలో ఉన్నవాళ్లంటే, 2020లో ఒకటో తరగతిలో చేరాల్సినవాళ్లు. అక్షరాలు నేర్చుకోవాల్సిన ఏడాదే వాళ్లకు లేకుండా పోయింది. మూయకముందు కూడా ఐదుగురిలో ఒకరికే వచ్చేదన్నది వేరే బాధ, టీచర్‌గా ఆ మాట దాచలేను.

ఆంధ్ర, తెలంగాణలను పక్కపక్కన పెట్టి చూసే అవకాశం 2022 జనవరిలో వచ్చింది. కోవిడ్‌లో కొత్త రకం, ఒమిక్రాన్ పెరుగుతోంది. తెలంగాణలో సంక్రాంతి సెలవులు 8న మొదలై, పొడిగించడంతో 30 వరకు సాగాయి. ఫిబ్రవరి 1న తెరిచాం. ఆంధ్రప్రదేశ్‌లో మూయాలని ఒత్తిడి వచ్చినా, జనవరి 17న బడులు తెరిచారు. సాగర్ డ్యామ్‌కు ఇటు మేము, అటు మాచర్ల వాళ్లు. అటువైపు పిల్లలు సంచి వేసుకుని బడికి పోతుంటే ఇటువైపు పిల్లలు గాలిపటాల దారం చుడుతూ ఇంకో రెండు వారాలు గడిపారు. అప్పటికి పెద్దలకు టీకాలు చాలావరకు పడ్డాయి, 15 ఏళ్లు దాటిన పిల్లలకు కూడా 3వ తేదీ నుంచి వేస్తున్నారు. సినిమా హాళ్లు తెరిచే ఉన్నాయి. ఆ జనవరి వరకు చూస్తే ఆంధ్రప్రదేశ్ చేసిందే మేలని నా అభిప్రాయం. 2020 మార్చిలో మూయడానికి ఉన్న కారణాలు అప్పటికి లేవు, అలవాటు మాత్రమే మిగిలింది.

అసలు 2021లోనే మన ప్రాధాన్యాలు ఏంటో తెలిసిపోయింది. మార్చి 24న బడులు మూశాం. ఏప్రిల్ 17న మా జిల్లాలోనే నాగార్జునసాగర్ ఉప ఎన్నిక. మూడు రోజుల ముందు హాలియాలో పెద్ద బహిరంగ సభ. ఓట్లు వేయడానికి తెరిచిన గదులు చాలావరకు బడి గదులే.

నా మనసుకు నచ్చిన దారి డెన్మార్క్‌ది. వాళ్లు మార్చిలో అందరితో పాటే మూశారు, నెలకే, 2020 ఏప్రిల్ 15న తెరిచారు. ముందు పిలిచింది శిశు సంరక్షణ కేంద్రాల పిల్లల్ని, ఐదో తరగతి వరకు చదివేవాళ్లని. చిన్న గుంపులుగా విడదీశారు, వీలైనంత ఆరుబయట పాఠం చెప్పారు, మాటిమాటికీ చేతులు కడిగించారు. పెద్ద తరగతుల్ని నెల తర్వాత పిలిచారు. ఇందులో మనం చేయలేనిది ఏముంది? ఆరుబయట బడి మనకు కొత్తా? జార్ఖండ్‌లో దుమ్కా జిల్లా డుమర్థర్ గ్రామంలో ఇళ్ల మట్టిగోడల మీద నల్లబల్లలు తయారుచేసి, ఏ ఇంటి పిల్లను ఆ ఇంటి ముందే కూర్చోబెట్టి పాఠాలు చెప్పారు. మా బడి ఆవరణలో పెద్ద వేపచెట్టు ఉంది. నలభై మందిని రెండు జట్లు చేసి, పొద్దున ఒక జట్టు, మధ్యాహ్నం ఒక జట్టు అంటే చెట్టు కిందే సరిపోయేవాళ్లు. వానొస్తే వరండా. అలా చేస్తామని మేమిద్దరం పైవాళ్లను అడిగాం. ఆదేశాలు లేవన్నారు. రోజూ బడికి వచ్చి, సంతకం పెట్టి, ఖాళీ గదుల్లో కూర్చుని వెళ్లాం.

అందుకే మూయడమా, తెరవడమా అన్నదానికంటే ఎన్ని వారాలు మూస్తాం, ఎవరిని ముందు పిలుస్తాం అన్నవి పెద్ద ప్రశ్నలు. జబ్బు తీరు తెలియనప్పుడు, ఆసుపత్రుల్లో మంచాలు దొరకనప్పుడు మూయాలి. మూసేనాడే మళ్లీ ఎప్పుడు సమీక్షిస్తారో తేదీ చెప్పాలి. జబ్బు పిల్లలకు పెద్ద ప్రమాదం కాదని తేలగానే ఒకటి, రెండు తరగతులను అందరికంటే ముందు పిలవాలి, టీచర్లకు టీకా ముందు వేయాలి. షుగర్ ఉన్న టీచరో, ఇంట్లో మంచాన పడ్డ ముసలమ్మ ఉన్న పిల్లో ఉంటే వాళ్లకు మినహాయింపు ఇవ్వాలి. బడి తెరిచేదాకా సినిమా హాలు, ఎన్నికల సభ ఆగాలి.

ఆ పాపకు ఒత్తులన్నీ మళ్లీ పట్టుబడేసరికి మూడో తరగతి అయిపోయింది. 2022 ఆగస్టులో చదవడం, రాయడం, లెక్కలు గట్టిపరిచే ప్రభుత్వ తొలిమెట్టు కార్యక్రమం మొదలైనప్పుడు నాలుగో తరగతిలో ఉండి, రెండో తరగతి వాచకం కూడబలుక్కుని చదివేది. మా బడి కిటికీ మాత్రం ఇంకా తెరుచుకోదు. మేస్త్రీని పిలిచి చూపించాం, చెక్క ఉబ్బింది, మార్చాలన్నాడు.